పోస్టర్ మీద 200 కోట్లు, సోమవారం హాల్లో ముప్పై మంది: ఏది నమ్మాలి?

మీరు అడిగింది రెండు ముక్కలు. ఒక పెద్ద సినిమా మొదటి వారంలోనే 200 కోట్లు దాటిందని పోస్టర్ వేశారు, అదే వారం సోమవారం వైజాగ్ జగదాంబ సెంటర్‌లో ఫస్ట్ షోకి వెళ్తే మీతో కలిపి ముప్పై మంది కూడా లేరు, మరి జనం థియేటర్లు మానేశారా లేక లెక్కలే అబద్ధమా అన్నది ఒకటి. మీ మావయ్యగారు ఒక సినిమాని ఉత్తరాంధ్రలో ఆడించుకునే హక్కులు కొంటున్న ఒకాయనతో కలిసి పది లక్షలు పెడదామంటున్నారు, పెట్టొచ్చా అన్నది రెండోది. కింద కొందరు "సినిమా చచ్చిపోయింది, ఓటీటీ తినేసింది" అని రాశారు, ఇంకొందరు తమ హీరో పోస్టర్లు తెచ్చి అంటించారు. రెండు రకాల వాళ్లూ అసలు విషయం దగ్గరికి రాలేదు.

నేను ఈ ఏరియా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో చాలా కాలం లెక్కలు చూశాను. అంతకుముందు డిస్ట్రిబ్యూటర్ తరఫు రిప్రజెంటేటివ్‌గా థియేటర్ల బుకింగ్ దగ్గర కూర్చుని డీసీఆర్ మీద సంతకాలు పెట్టించుకున్నవాణ్ణి. డీసీఆర్ అంటే రోజువారీ కలెక్షన్ రిపోర్ట్, ఏ షోకి ఏ క్లాసులో ఎన్ని టికెట్లు తెగాయో ఉండే కాగితం. ఈ వ్యాపారంలో నేను నమ్మే కాగితం అదొక్కటే.

సూటిగా చెప్తాను. జనం సినిమా మానలేదు, థియేటర్‌కి వచ్చే సార్లు తగ్గించుకున్నారు. డబ్బు పెరిగింది, తలకాయలు తగ్గాయి. పోస్టర్ డబ్బు చూపిస్తుంది, మీరు సోమవారం చూసింది తలకాయలు. అందుకే రెండూ పొసగడం లేదు.

దేశం మొత్తం మీద లెక్క తీసుకోండి. సినిమా వ్యాపార లెక్కలు కట్టే ఓర్మాక్స్ సంస్థ వాళ్ల అంచనా ప్రకారం కరోనాకి ముందు 2019లో ఇండియా బాక్సాఫీస్ గ్రాస్ (ట్యాక్స్‌తో సహా టికెట్ల మీద వచ్చిన మొత్తం) దాదాపు 10,900 కోట్లు, తెగిన టికెట్లు 103 కోట్లు. 2024కి వచ్చేసరికి గ్రాస్ 11,800 కోట్లు దాటింది, టికెట్లు మాత్రం 88 కోట్ల చిల్లరకి పడిపోయాయి. భాగించి చూస్తే సగటు టికెట్ 106 రూపాయల నుంచి 134కి ఎక్కింది. అంటే ప్రతి ఏడుగురిలో ఒకరు తగ్గిపోయారు, ఆ లోటుని మిగతా ఆరుగురి జేబుల్లోంచి లాగి, పైన ఇంకాస్త వేసుకున్నారు. పేపర్లో "రికార్డు" అని చదివినప్పుడు ఈ రెండో అంకె కనపడదు. కొరియా, ఫ్రాన్స్ లాంటి చోట్ల సినిమా ఎంత ఆడిందంటే ఎన్ని టికెట్లు తెగాయని చెప్తారు. మనకి కోట్లలో చెప్పడం అలవాటైపోయింది, పైగా ఆ కోట్లని అధికారికంగా ప్రకటించే వ్యవస్థ కూడా లేదు. నిర్మాత చెప్పిందే అంకె. ఫలానా రోజుకి ఫలానా కోటి దాటామని పోస్టర్ వేస్తే తప్పని నిరూపించే కాగితం బయట ఎవరి దగ్గరా ఉండదు.

ఇంకోటి, ఆ 200 అన్నది ప్రపంచవ్యాప్తంగా గ్రాస్. మన ఊళ్లో తెగిన టికెట్ దగ్గర నుంచి డాలర్లలో వచ్చిన ప్రీమియర్ల దాకా అన్నీ కలిపి, ట్యాక్స్ కూడా తీయకుండా చెప్పిన మొత్తం. అందులో కొనుక్కున్నవాడికి మిగిలేది షేర్. మీ మావయ్యగారికి కావాల్సింది షేర్ కాబట్టి గ్రాస్‌లోంచి షేర్ ఎలా వస్తుందో కాస్త ఓపిగ్గా చదవండి, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

మన వైజాగ్ మల్టీప్లెక్స్‌లో మామూలు టికెట్ 177 అని యాప్‌లో చూసే ఉంటారు, ఆ అంకె ఎక్కడిదో ఆలోచించారా? 2022 మార్చిలో వచ్చిన జీవోలో మల్టీప్లెక్స్ మామూలు సీటుకి 150, రిక్లైనర్‌కి 250 పెట్టారు. 150 మీద 18 శాతం జీఎస్టీ 27 రూపాయలు, కలిపితే 177. రిక్లైనర్ అయితే 295. ఆన్‌లైన్ బుకింగ్ ఫీజు వేరు, అది గ్రాస్‌లోకి కూడా రాదు. ఇప్పుడు 177లోంచి 27 గవర్నమెంటుది. మిగిలిన 150 నెట్. అందులో మల్టీప్లెక్స్ తన వాటా తీసుకుంటుంది, అది సినిమాని బట్టి, వారాన్ని బట్టి మారుతుంది, సుమారుగా సగం సగం అనుకోండి. అంటే మీరిచ్చిన 177లో డిస్ట్రిబ్యూటర్ చేతికి 75 దాకా వస్తుంది. అందులోంచే పబ్లిసిటీ, డిజిటల్ ప్రింట్ ఖర్చు, ఆఫీసు ఖర్చు.

సింగిల్ స్క్రీన్ దగ్గర కథ వేరు. మన దగ్గర పెద్ద సినిమాలకి మొదటి వారాలు చాలా హాళ్లు రెంట్ మీద నడుస్తాయి. హాలుకి రోజుకింత అని అద్దె, ఆపైన వచ్చిందంతా సినిమా వాళ్లది. ఉదాహరణకి ఆరువందల సీట్ల హాలు, టికెట్ 125 ప్లస్ ట్యాక్స్, రోజు అద్దె 40 వేలు అనుకుందాం (అంకెలు లెక్క కోసం వేసినవే, ఏ హాలువీ కాదు). నాలుగు షోలూ ఫుల్ అయితే నెట్ మూడు లక్షలు, అద్దె పోను రెండు లక్షల అరవై వేలు. ఇంక డిస్ట్రిబ్యూటర్ ముఖం చూడండి, వెలిగిపోతుంది. అదే సోమవారం పావు వంతు సీట్లు నిండితే నెట్ 75 వేలు, మిగిలేది 35 వేలు. మీరు చూసినదానికి రెట్టింపు, షోకి అరవై మంది వస్తే? 240 టికెట్లు, నెట్ 30 వేలు, అద్దె 40 వేలు. పది వేలు మనమే ఎదురు కట్టాలి. దీన్నే డెఫిసిట్ అంటాం. తమాషా ఏంటంటే ఆ రోజు కూడా గ్రాస్ 35 వేలు వచ్చినట్టే పోస్టర్ లెక్కలోకి వెళ్తుంది! సినిమా ఆడుతున్న కొద్దీ పోస్టర్ అంకె పెరుగుతూనే ఉంటుంది, కొన్నవాడి చేతిలో డబ్బు మాత్రం కరుగుతూ ఉంటుంది.

థియేటర్ వాళ్లకైనా ఇది సుఖంగా ఉందా అంటే అదీ లేదు. మొదటి వారం ఫుల్స్ పడినా వాళ్లకొచ్చేది అద్దే, డబ్బులొచ్చే రోజులు పోయాక పర్సెంటేజ్ మీదకి, అంటే వచ్చినదాంట్లో వాటా మీదకి మారుస్తారు, అప్పటికి హాల్లో జనం ఉండరు. 2025 మేలో రెండు తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేవాళ్లు, రెంట్ వద్దు, మొదటి నుంచీ పర్సెంటేజే కావాలి, లేకపోతే జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్నది ఇందుకే. ఆ మూత జరగలేదు గానీ గొడవ మాత్రం న్యాయమైందే అని నా ఉద్దేశం. కరెంటు బిల్లు, స్టాఫ్ జీతాలు, ఏసీ... ముప్పై మంది కోసం షో వేసినా మూడొందల మంది కోసం వేసినా ఒకటే. పార్కింగ్, క్యాంటీన్ లేకపోతే సగం హాళ్లు ఈపాటికి ఫంక్షన్ హాళ్లయ్యేవి. ఒక థియేటర్ పేరే సెంటర్ పేరైపోయిన ఊరు మనది. అలాంటి ఊళ్లో ఎన్ని సింగిల్ స్క్రీన్లు పోయాయో, వాటి స్థలాల్లో ఏమొచ్చాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

సరే, ఆ తగ్గిన జనం ఎవరు? ఇది అందరూ తప్పుగా అర్థం చేసుకుంటారు. మొదటి రోజు పొద్దున ఆటకి వచ్చే కుర్రాళ్లు తగ్గలేదు. తగ్గింది రెండు రకాలు. ఒకటి, "ఏదో ఒక సినిమాకి పోదాం పద" అని శనివారం ఫస్ట్ షోకి బయల్దేరే కుటుంబం. వీళ్లకి సినిమా పేరుతో పని లేదు, సాయంత్రం గడవాలి, బీచ్‌లో కాసేపు తిరిగి హాల్లోకి వెళ్లేవాళ్లు. నలుగురికి 177 చొప్పున 708, బుకింగ్ ఫీజు, పాప్‌కార్న్, కూల్‌డ్రింక్, ఆటో లేదా పెట్రోల్, మొత్తం పదిహేను వందలు దాటుతుంది. రెండో రకం, గాజువాక వైపు షిఫ్ట్ దిగి సెకండ్ షోకి వచ్చేవాళ్లు, పల్లెల నుంచి అనకాపల్లి, బొబ్బిలి, నరసన్నపేటలకి వచ్చి చూసేవాళ్లు. ఒకే సినిమాని రెండు మూడుసార్లు చూసింది వీళ్లే. రిపీట్ ఆడియన్స్ అంటాం. వీళ్లు పోయాకే సినిమాకి యాభై రోజులన్న మాట పోయింది. ఇప్పుడు రెండో వీకెండ్ దాటితే చాలని దండం పెట్టుకుంటున్నాం.

వీళ్లు పోవడానికి ఓటీటీ ఒక కారణమే, కానీ అది ఒక్కటే కాదు. హిందీ సినిమాలకి పెద్ద మల్టీప్లెక్స్ చైన్లు ఎనిమిది వారాల గ్యాప్ ఉంటేనే స్క్రీన్లు ఇస్తాయి. మన తెలుగులో చాలా సినిమాలు నాలుగు వారాలకే ఇంటికి వచ్చేస్తున్నాయి. ఆ సంగతి మా పక్కింటి పెద్దావిడకి కూడా తెలుసు, "ఈ నెలాఖరుకి వచ్చేస్తుంది కదా నాయనా" అంటుంది. ఆవిణ్ణి తప్పుపట్టడానికేం లేదు. నాలుగు వారాలు ఆగితే పదిహేను వందలు మిగులుతుందంటే ఎవరైనా ఆగుతారు. నిర్మాతకి ఓటీటీ డబ్బు ముందే అందుతుంది, ఆ డబ్బుతోనే హీరో పారితోషికం పెరుగుతుంది, పెరిగిన బడ్జెట్‌ని చూపించి ఏరియా రేట్లు (డిస్ట్రిబ్యూటర్‌కి హక్కులు అమ్మే ధరలు) పెంచుతారు, ఏరియా రేటు రాబట్టడానికి మొదటి పది రోజులు టికెట్ రేటు పెంచుతారు, రేటు పెరిగిందని కుటుంబం ఆగిపోతుంది. ఇది గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతూనే ఉంది.

రేట్ల పెంపు గురించి ఇంకో మాట చెప్పాలి. మన రాష్ట్రం రెండు కొసలూ చూసింది. 2021 ఏప్రిల్ జీవోలో గ్రామ పంచాయతీల్లో నాన్ ఏసీ హాలు ఎకానమీ టికెట్ 5 రూపాయలు. అయిదు! ఆ రేటుకి థియేటర్ లైటు బిల్లు కూడా రాదని ఎంతమంది మొత్తుకున్నారో. దాన్ని సరిచేసిందే 2022 జీవో. తర్వాత అటు కొసకి వెళ్లాం. 2024 డిసెంబర్ 4 రాత్రి పుష్ప 2 ప్రీమియర్ షోలకి ఒక్కో టికెట్‌కి 800 రూపాయలు తీసుకున్నారు. ఆ ఒక్క సినిమా హిందీలోనే నెట్ 800 కోట్లు దాటింది, దేశం మొత్తం ఆడింది, నిజమే. కానీ అది చూసి వచ్చిన ప్రతివాడూ మాకూ పెంపు కావాలని క్యూ కట్టాడు. 2025 సంక్రాంతికి హైకోర్టు పెంపు పది రోజులకి మించొద్దంది. నన్నడిగితే పది రోజులు కూడా ఎక్కువే, ఎందుకంటే ఇప్పుడు సినిమా జీవితమే పది రోజులు. పెంచిన రేటు దిగేసరికి బొమ్మ దిగిపోతోంది. రేటు తగ్గాక చూద్దామనుకున్నవాడికి హాల్లో వేరే సినిమా ఉంటుంది.

తక్కువ రేటుకి జనం వస్తారా అని ఎవరైనా అడిగితే 2022 సెప్టెంబర్ 23 గుర్తుచేయండి. ఆ రోజు జాతీయ సినిమా దినమని చాలా చోట్ల టికెట్ 75 రూపాయలకి ఇచ్చారు. దేశం మొత్తం మీద ఒక్క రోజులో 65 లక్షల మంది వచ్చారని మల్టీప్లెక్స్ సంఘం వాళ్లే చెప్పారు, అదీ శుక్రవారం నాడు. అంటే మనిషికి సినిమా మీద మోజు పోలేదు. అయితే రోజూ 75 పెడితే రోజూ అంతమంది వస్తారని మాత్రం నేను అనను, పండగ సేల్‌కి వచ్చిన జనాన్ని చూసి ఏడాది లెక్క వేయకూడదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5కి తగ్గించారు. ఇది వైజాగ్ మల్టీప్లెక్స్‌కి పనికిరాదు, అక్కడ 18 అలాగే ఉంది. చిన్న ఊళ్ల హాళ్లకి మాత్రం కొంచెం ఊపిరి.

కుటుంబాలు రావని కాదు, వాళ్లకి కారణం కావాలి. 2025 సంక్రాంతికి జనవరి 14న వచ్చిన సంక్రాంతికి వస్తున్నాం చూడండి. గేమ్ ఛేంజర్ 10నే వచ్చేసింది, డాకు మహారాజ్ 12న వచ్చింది, ఇది మూడోది. ఖర్చులో గేమ్ ఛేంజర్‌కి దరిదాపుల్లో లేదు. పండక్కి హైదరాబాద్, బెంగళూరు నుంచి దిగినవాళ్లు అమ్మానాన్నల్నీ అత్తల్నీ పిల్లల్నీ వేసుకుని వచ్చారు, మన ఏరియాలో అదనపు షోలు వేశారు. తర్వాత మార్చి 14న వచ్చిన కోర్ట్, కథంతా మన వైజాగ్‌లోనే జరిగేది, స్టార్లు లేరు, రెండు రోజుల ముందే ప్రీమియర్లు వేసి టాక్ మీద ఆడించుకున్నారు. జూలైలో మహావతార్ నరసింహ అనే బొమ్మల సినిమా మొదటి రోజు ఎవరూ పట్టించుకోలేదు, రోజురోజుకీ పెరుగుతూ పోయింది, తాతలు మనవల్ని తీసుకుని వచ్చారు. ఈ మూడింట్లో ఒక పోలిక ఉంది: మొదటి రోజుతో ఆగిపోకుండా తర్వాతి రోజుల్లోనూ అంకె గట్టిగా నిలబడింది. కొన్నవాడికి డబ్బులొచ్చేది అలాంటి సినిమాల్లోనే.

ఇంక మావయ్యగారి పది లక్షలు. ఉత్తరాంధ్ర అంటే పాత లెక్కలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ మూడు జిల్లాలు. ఒక సినిమా ఈ ఏరియాకి నాలుగు కోట్లకి అమ్మారనుకోండి. టికెట్‌కి సగటున 65 రూపాయలు షేర్ వచ్చిందనుకుంటే (పల్లె హాళ్లు కూడా ఉన్నాయి కాబట్టి 75 వేయట్లేదు) అసలు రాబట్టడానికే ఆరు లక్షల పదిహేను వేల టికెట్లు తెగాలి. 2011 జనాభా లెక్కల్లో ఈ మూడు జిల్లాలూ కలిపి 93 లక్షల మంది. అంటే పసిపిల్లలూ మంచంలో ఉన్న ముసలివాళ్లతో సహా ప్రతి పదిహేను మందిలో ఒకరు టికెట్ కొని హాల్లోకి రావాలి, అదీ రెండు వారాల్లో. పబ్లిసిటీ ఖర్చు ఇంకా కలపలేదు. ఈ లెక్క వేసుకుని, ఆ హీరో పేరు ఒకసారి పైకి చదివి చూసుకోమనండి. కొన్ని పేర్లకి కుదురుతుంది, ఎక్కువ పేర్లకి కుదరదు.

తర్వాత, ఏ పద్ధతిలో కొంటున్నారో అడగండి. అడ్వాన్స్ మీద అయితే డబ్బు రాకపోతే నిర్మాత వెనక్కి ఇవ్వాలి, డిస్ట్రిబ్యూటర్‌కి కమిషన్ మిగులుతుంది. ఎన్ఆర్ఏ అయితే, అంటే తిరిగి ఇవ్వని అడ్వాన్స్ అయితే, పోయింది పోయినట్టే. "నిర్మాత మనవాడే, తర్వాతి సినిమాకి చూసుకుంటాడు" అని నోటిమాట చెప్తారు. ఈ ఫీల్డులో ఆ మాట మీద ఇళ్లు అమ్ముకున్నవాళ్లని నాకు తెలుసు. పైగా పది లక్షలవాడు అగ్రిమెంట్‌లో ఉండడు. డిస్ట్రిబ్యూటర్ పేరు మీద ఒప్పందం, ఈయన దగ్గర ఒక నోటు, బాగా ఆడితే "ఖర్చులు ఎక్కువైపోయాయండీ" అంటారు, ఆడకపోతే ఫోనే ఎత్తరు. లాభం వస్తే ఎంత వచ్చిందో కూడా ఈయనకి తెలియదు, ఎందుకంటే డీసీఆర్‌లు ఆఫీసులో ఉంటాయి, ఈయన వాట్సాప్‌లో పోస్టర్లు చూస్తుంటారు.

యాప్‌లో సీట్ల రంగు చూసి సినిమా ఆడుతోందని అనుకోవడం కూడా మానుకోమనండి. మొదటి రోజుల్లో ఫ్యాన్స్ కొన్నవీ, ఎవరో గంపగుత్తగా కొన్నవీ, బ్లాక్ చేసినవీ అన్నీ అందులో ఒకే రంగులో కనపడతాయి. మంగళవారం మ్యాట్నీ చూడండి. మంగళవారం మధ్యాహ్నం ఎవరూ ఎవరి కోసమూ టికెట్ కొనిపెట్టరు. మీకు తీరికుంటే ఒకే సినిమాకి శనివారం ఫస్ట్ షో, మంగళవారం మ్యాట్నీ, వైజాగ్‌లో ఒక హాలు, శ్రీకాకుళంలో ఒక హాలు చూసి రాసుకోండి. ఏ ట్రేడ్ అకౌంట్ చెప్పేదానికన్నా మీకు బాగా తెలుస్తుంది. వైజాగ్ ఒక్కటే చూస్తే మోసపోతారు, నేవీ వాళ్లు, స్టీల్ ప్లాంట్ వాళ్లు, కాలేజీ పిల్లలు, హిందీ, ఇంగ్లీష్ సినిమాలు చూసేవాళ్లు అంతా ఇక్కడే ఉన్నారు. ఇక్కడ ఆడింది పాలకొండలో ఆడాలని లేదు, అక్కడ కొట్టుకుపోయింది ఇక్కడ ఆడనూ ఆడొచ్చు.

పెట్టొద్దని నేను గట్టిగా చెప్పను, సినిమా పిచ్చి ఉన్నవాణ్ణి ఎవరూ ఆపలేరు, ఆ పిచ్చి లేకపోతే ఈ హాళ్లూ ఉండవు. పెట్టేటట్టయితే మాత్రం మూడు కాగితాలు చేతికి వచ్చాకే డబ్బివ్వమనండి: నిర్మాతతో జరిగిన ఒప్పందం కాపీ, అందులో అడ్వాన్సా ఎన్ఆర్ఏనా అన్నది స్పష్టంగా ఉండాలి. ఈయన వాటా ఎంతో, ఖర్చులకి పైహద్దు ఎంతో రాసి సంతకం పెట్టిన పత్రం. మూడోది, అదే డిస్ట్రిబ్యూటర్ ఇంతకుముందు ఆడించిన ఏదో ఒక ఫ్లాప్ సినిమా రెండో వారం డీసీఆర్‌లు. హిట్టువి అందరూ చూపిస్తారు. ఫ్లాపువి చూపించనంటే ఆ పది లక్షలూ మావయ్యగారి బ్యాంకులోనే ఉండనివ్వండి.